గేరుపెట్టె చెప్పిన కోడు
(తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికపై పరీక్షాఫలితములను గూర్చియు, తెలుగు వాచకముల కొరతను గూర్చియు మాటలాడుట మాకు అలవాటు. ఈసారి మోటారుకారును గూర్చి మాటలాడుడని కొందరు తండ్రులు కోరిరి. మన హోసూరులో మోటారు కర్మాగారములలో పనిచేయువారును, బాడుగ కార్లు నడుపువారును మన పిల్లల తండ్రులలో అనేకులు. వారికి మేము క్రొత్తగా చెప్పగలిగినది స్వల్పమే. అయినను మాకు జరిగిన నష్టమును వారు విని యుండిరి. దానిని అందరి యెదుట చెప్పుమనిరి.

ఎడమ మోకాలి నొప్పివలన క్లచ్చి త్రొక్కజాలక, ఆటోమేటిక్ గేర్లుగల పాతకారు నొకదానిని కొంటిమి. ఒకనాడు కృష్ణగిరి దారిలో ఇంజను బొమ్మగల పసుపుదీపము వెలిగినది. బండి మూడవ గేరులోనే ఉండిపోయి, బరువు లాగు ముసలి ఎద్దువలె కదలసాగినది. షెడ్డువారు స్టీరింగు క్రిందనుండు 16 రంధ్రముల సాకెట్టునకు చేతిపరికరమును తగిలింపగా ‘పి 0715’ అను కోడు కనబడినది. “టర్బైన్ స్పీడ్ సెన్సరు పోయినది” అని చెప్పి, దానిని మార్చిరి. ఆరువేల రూపాయలు చెల్లించితిమి. మూడవనాడే దీపము మరల వెలిగినది. ఇక గేరుపెట్టెను దింపవలసినదే యనిరి. అందుకగు మొత్తము వినగా మాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి మా భౌతికశాస్త్రోపాధ్యాయునితో కూర్చుండి ఆ కోడును అక్షరమక్షరము చదివితిమి. ‘పి’ యనునది ఇంజను, గేరుపెట్టెల వర్గము. తరువాతి సున్న అన్ని కంపెనీల కార్లకును ఒకే అర్థము గల కోడని తెలుపును. అచట 1 ఉన్నచో అది సాధారణముగా తయారీదారు తనకై ఏర్పరచుకొన్నది. 7 అనగా గేరుపెట్టె. కడపటి 15 వలన తెలియునది ‘టర్బైన్ స్పీడ్ సెన్సరు సర్క్యూటు’. అమెరికాలో 1996 నమూనా కార్లనుండి ఈ పద్ధతిని విధించిరి. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్. 6 నియమములలోను ఇట్టి ఏర్పాటు తప్పనిసరి.

ఆ కోడు సెన్సరు చెడినదని చెప్పుట లేదు. సర్క్యూటునందు లోపమున్నదని మాత్రమే చెప్పుచున్నది. సర్క్యూటనగా సెన్సరు, దాని తీగలు, ప్లగ్గు, కడపట కంప్యూటరు. షెడ్డువారు మోసగాండ్రని మేము అనము. ఆ ఇంగ్లీషు వరుసలోని చివరిమాటను వారు చదువలేదు, మేమును అడుగలేదు. మా వృత్తిలోను ఇట్టి తప్పు కలదు. గణితములో తక్కువ మార్కులు చూచి ఒక బాలుని మందబుద్ధియని ప్రగతిపత్రములో వ్రాసితిమి. వానికి నల్లబల్ల కనబడుట లేదని తరువాత తెలిసినది.

సెన్సరు చేయు పని కొంచెము వినుడు. మా కారులోనిది ఒక అయస్కాంతము, దానిచుట్టు తీగచుట్ట, అంతే. దాని ముక్కుయెదుట ఇనుప పండ్లుగల చక్రము తిరుగును. ఒక్కొక్క పన్ను దాటినపుడెల్ల తీగలో చిన్న విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమిదే. ఆ అలలను లెక్కించి కంప్యూటరు టర్బైను వేగమును తెలిసికొనును. బయటికి పోవు ఇరుసు వేగమును వేరొక సెన్సరు చెప్పును. లోపల నిమిషమునకు 2400 చుట్లు, బయట 1600 చుట్లు అయినచో నిష్పత్తి ఒకటిన్నర. గేరునకు ఉండవలసిన నిష్పత్తితో ఇది సరిపోలనిచో లోపల జారుచున్నదని అర్థము. ఒక అంకె రాకపోయినచో కంప్యూటరు లెక్క కట్టజాలక, గేరుపెట్టెకు హాని కలుగకుండ ఒకే గేరును పట్టుకొని కూర్చుండును. ఆ స్థితిలో మెల్లగా షెడ్డుకు పోవచ్చును గాని తిరుపతి యాత్రకు బయలుదేరరాదు.

కర్మాగారములో పనిచేయు ఒక తండ్రి ఆదివారమున మీటరుతో వచ్చెను. క్రొత్త సెన్సరును, మేము దాచిన పాత సెన్సరును కొలిచెను. రెంటి నిరోధమును పుస్తకములోని అంకెతో సరిపోయినది! పిమ్మట కంప్యూటరు వైపు తీగకొనలకు మీటరు తగిలించి తీగలకట్టను చేతితో కదపగా మీటరు ముల్లు గంతులు వేసినది. తొడుగు విప్పిచూడగా ఎలుక కొరికిన తీగ ఒక్క పోగుపై నిలిచియున్నది. ఆయన దానిని అతికి, టేపు చుట్టి, కాఫీ త్రాగి వెళ్లెను. డబ్బు పుచ్చుకొనలేదు.

మీకు ఇట్టిది సంభవించినచో కోడు చెరిపివేయకముందే దానిని వ్రాసికొనుడు. లోపము కలిగిన క్షణమున వేగమెంత, వేడి యెంత అనునది కూడ కంప్యూటరు దాచియుంచును. బ్యాటరీ తీగ ఊడదీసినచో అది చాలకార్లలో పోవును. పి 0717 అయినచో అల బొత్తిగా రాలేదనియు, పి 0720 అయినచో బయటి ఇరుసు సెన్సరు సర్క్యూటనియు గ్రహింపుడు. రెండు సెన్సర్ల కోడులు ఒకేసారి వచ్చినచో రెంటికిని ఉమ్మడియగు తీగనో, ప్లగ్గునో ముందు చూపింపుడు. “సెన్సరును కొలిచితిరా? తీగను కొలిచితిరా?” అని అడుగుటకు మొగమాటపడకుడు. మేము మొగమాటపడినందుకే ఆరువేలు పోయినవి.

ఆ పాత సెన్సరు ఇప్పుడు మన ప్రయోగశాలలో ఉన్నది. ఎనిమిదవ తరగతి పిల్లలు దాని ముక్కుయెదుట ఇనుప రెంచి నాడించి మీటరు ముల్లు కదలుట చూచుచున్నారు. చూడగోరు తల్లిదండ్రులు సభానంతరము అచటికి రావచ్చును.