జామెట్రీ బాక్సు ఇచ్చే ముందు

(సంస్థ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. లెక్కల మాస్టరుకు పది నిమిషాలంటే బోర్డు తుడవడానికే సరిపోతుంది. అయినా ప్రయత్నిస్తాను.

కిందటేడు మీరిచ్చిన సొమ్ముతో మన సాయంకాల తరగతుల పిల్లలకు జామెట్రీ బాక్సులు పంచాం. ఆ ఫొటోలు మీరు చూసే ఉంటారు. బాక్సులు మంచివే, పిల్లలూ సంబరపడ్డారు. ఆ తర్వాతి వారం సంగతి మాత్రం ఫొటోల్లో లేదు. అది చెప్పడానికే లేచాను.

ఏడో తరగతి పిల్లలకు త్రిభుజం మొదలుపెట్టాను. కాగితంతో త్రిభుజం కత్తిరించి, మూడు మూలలు చింపి, పక్కపక్కన పెట్టించాను. మూడూ కలిసి తిన్నగా గీత మీద కూర్చున్నాయి. మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని పిల్లలే చెప్పారు. నాకు చాలా సంతోషమైంది. బోర్డు మీద రెండు కోణాలు 55, 48 అని రాసి, మూడోది ఎంతని అడిగాను. రావాల్సింది 77. కొందరికే వచ్చింది. కొందరు 87 అన్నారు, ఇంకొందరు 83 అన్నారు.

నేను అలవాటు ప్రకారం ఎర్ర ఇంకుతో తప్పు గుర్తులు పెట్టుకుంటూ పోయాను. ఆ రాత్రి ఇంటికెళ్లాక మళ్లీ నోట్సులు తిరగేశాను. 87 రాసిన పిల్ల 5కు 8 కలిపి 13 అని, 3 వేసి, చేతిలో ఉన్న ఒకటిని మరిచిపోయింది. అలా 93 వచ్చింది. 180లోంచి 93 సరిగానే తీసింది. 83 రాసిన పిల్లవాడికి కూడిక బాగా వచ్చు, 103 తెచ్చాడు. 180లోంచి 103 తీసేటప్పుడు సున్నాలోంచి మూడు పోదు కాబట్టి మూడులోంచి సున్నా తీశాడు. ఇద్దరికీ త్రిభుజం అర్థమైంది. ఇద్దరికీ నేను పెట్టింది మాత్రం జామెట్రీ రాదన్న గుర్తు.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇలాంటి గుర్తులు ఎన్ని పెట్టానో నాకు తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే ఇంటి పిల్ల. పేరు చెప్పను. బొమ్మ గీస్తే అచ్చు గుద్దినట్టుండేది. తొమ్మిదో తరగతిలో వైశాల్యాలు, నిరూపణలు వచ్చేసరికి మార్కులు పడిపోయాయి. వాళ్ల నాన్న అడిగితే, ‘పాపకు లెక్కలు తలకెక్కడం లేదు భాయ్’ అని నా నోటితో నేనే అన్నాను. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. రొయ్యలు ఒలిచే షెడ్డులో చేర్చారు. ఆమె నోట్సు నా దగ్గరే ఉండిపోయింది. చాలా కాలం తర్వాత అది తెరిచి చూస్తే, వైశాల్యం సూత్రాలన్నీ సరిగ్గా ఉన్నాయి. భాగహారంలో మధ్య సున్నా వేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. 836ను నాలుగుతో భాగిస్తే 209 రావాలి, ఆమెకు 29 వచ్చేది. అంత చిన్న సంగతి. సరిచేయడానికి నాలుగు సాయంత్రాలు చాలు. నేను అడగలేదు.

అందుకని ఈసారి పాఠం ఆపేసి, ముందు ఒక పరిశీలన పెట్టాను. పరీక్ష అనలేదు. ఆ మాట వింటేనే కొందరికి జ్వరం వస్తుంది. ఒక్క కాగితం, పన్నెండు లెక్కలు, మార్కులు లేవు. అప్పు తెచ్చుకునే తీసివేత, మధ్యలో సున్నా వచ్చే భాగహారం, మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా, 3.5 ఎక్కువా 3.45 ఎక్కువా, ఇలాంటివి. నాలుగు మూడు కంటే పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దదని చాలామంది రాశారు. నలభై ఐదు ఐదు కంటే పెద్దది కాబట్టి 3.45 ఎక్కువన్నారు. వాళ్ల లెక్కకు వాళ్ల కారణం ఉంది. అది కాగితం మీద కనబడదు, పక్కన కూర్చుని ‘ఎట్లా చేశావు నాన్నా’ అని అడిగితేనే బయటికి వస్తుంది. అందుకే ఒక్కొక్క బిడ్డ దగ్గర పది నిమిషాలు కూర్చున్నాం.

ఒక లెక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్కేలు మీద పెన్సిలు బొమ్మ వేశాను. పెన్సిలు 2 దగ్గర మొదలై 7 దగ్గర ఆగుతుంది. పొడవెంత? ఒక పిల్లవాడు 7 అన్నాడు. ఎందుకు నాన్నా అంటే, ‘స్కేలు మీద ఏడు కాడ ఉండాది గదా సార్’ అన్నాడు. ఇంకో పిల్ల 2, 3, 4, 5, 6, 7 అని గీతలు లెక్కపెట్టి ఆరంది. మీరిచ్చిన కొత్త స్కేలు ఇద్దరి చేతిలోనూ ఉంది.

ఇది మన పిల్లల లోపమని అనుకోకండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశంలో పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల చదువు చూస్తోంది. ఆ నివేదిక పేరు అసర్. మన ఉర్దూలో అసర్ అంటే ప్రభావం, ఆ అర్థంలోనే పెట్టారు. 2023లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను అడిగారు. సున్నా దగ్గర మొదలయ్యే వస్తువు పొడవును 85 శాతం దాకా చెప్పారు. అదే వస్తువును స్కేలు మీద కొంచెం జరిపి పెడితే 39 శాతమే చెప్పగలిగారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సగం కూడా లేరు, 43 శాతం. వీళ్లు చిన్న పిల్లలు కాదు, ఓటు హక్కు వచ్చే వయసు వాళ్లు కూడా అందులో ఉన్నారు.

ఆరో తరగతిలో రేఖలు, కోణాలు వస్తాయి. తర్వాత త్రిభుజాలు, చతుర్భుజాలు. తొమ్మిదికి నిరూపణలు. పాఠం తన దారిన పోతూనే ఉంటుంది. మూడో తరగతిలో తప్పిపోయిన తీసివేత కోసం అది వెనక్కి రాదు. ఉపాధ్యాయులను తప్పుపట్టడం లేదు, నేనూ ఆ బల్ల వెనక నిలబడ్డవాణ్ణే. సిలబస్ పూర్తి చేయాలన్న తొందర నాకు తెలుసు.

మన పిల్లలకు ఇంకో చిక్కు ఉంది, అది భాష. ప్రాథమిక బడి ఉర్దూలో చదివి వచ్చిన బిడ్డకు త్రిభుజం ముసల్లస్, కోణం జావియా. ఇంటి బయట తెలుగు. హైస్కూలు పుస్తకంలో ట్రయాంగిల్, యాంగిల్. మూడు మాటలూ ఒకటేనని చెప్పేవాళ్లు లేక ఊరుకున్న పిల్లలను చూశాను. ఒక అమ్మాయి కాగితం ఖాళీగా ఇచ్చింది. ప్రశ్న ఉర్దూలో చదివి వినిపిస్తే పన్నెండింటిలో తొమ్మిది నోటితో చెప్పింది. ఆ ఖాళీ కాగితాన్ని నమ్మి ఉంటే ఏమయ్యేదో!

ఆ తర్వాత ఆరు వారాలు జామెట్రీ చెప్పలేదు. కాగితాలను మూడు కుప్పలు చేశాం. తీసివేత, భాగహారం దగ్గర ఆగినవాళ్లు, భిన్నాలు, దశాంశాల దగ్గర ఆగినవాళ్లు, ఏ ఇబ్బందీ లేనివాళ్లు. మూడో కుప్ప పిల్లలు మొదటి కుప్ప పిల్లల పక్కన కూర్చున్నారు. ఇంటి నుంచి లెక్కలు తెమ్మన్నాను. వడ్లు పుట్టి 850 కిలోలని మన జిల్లా పిల్లలకు చెప్పక్కరలేదు. పుట్టి ధర తెలిస్తే క్వింటాలు ధర ఎంత? జకాత్ నలభయ్యో వంతు, అంటే వందకు రెండున్నర. భిన్నం, శాతం, దశాంశం మూడూ ఆ ఒక్క లెక్కలోనే ఉన్నాయి. ఆస్తి పంపకంలో సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, ఆరో వంతు అన్నీ వస్తాయి. సుమారు 820లో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ బీజగణితం పుస్తకం రాసినప్పుడు, వారసత్వాలకు, వ్యాపారానికి, భూమి కొలతకు, కాలువల తవ్వకానికి పనికొస్తుందనే రాశానని చెప్పుకున్నాడు. ఆయన పుస్తకం పేరులోని అల్ జబ్ర్ నుంచే ఆల్జీబ్రా వచ్చింది.

అన్నిటికంటే బాగా పనిచేసింది అంకణం. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు వెళ్తే 36. సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా తెలియక గొడవ పడ్డవాళ్లున్నారు, అది వేరే కథ. 72 అడుగులను ఎన్ని విధాల దీర్ఘచతురస్రంగా గీయొచ్చో గీయమన్నాను. 8 ఇంటు 9, 6 ఇంటు 12, 4 ఇంటు 18, 3 ఇంటు 24. వైశాల్యం ఒకటే, చుట్టుకొలత మారిపోతోంది. 8, 9 అయితే 34 అడుగుల ప్రహరీ, 3, 24 అయితే 54 అడుగులు. ‘ప్రహరీకి ఇటుకలు ఎక్కువ పడతాయి సార్’ అన్నాడు మేస్త్రీ కొడుకు. ఎక్కాలు, వైశాల్యం, చుట్టుకొలత అన్నీ ఆ సాయంత్రమే అయ్యాయి. ప్రహరీ కట్టడం చూసిన పిల్లలకు వేరే వివరణ అక్కర్లేకపోయింది.

హాలండులో పియరీ, డీనా వాన్ హీలే అనే ఉపాధ్యాయ దంపతులు 1957లో ఈ సంగతే సిద్ధాంతంగా రాశారు. ఆకారాన్ని చూసి గుర్తుపట్టడం ఒక మెట్టు, దాని ధర్మాలు చెప్పడం ఇంకో మెట్టు, ఒక ధర్మం నుంచి మరొకటి రాబట్టడం ఆ పై మెట్టు. బిడ్డ ఒక మెట్టు మీద, మాస్టరు ఇంకో మెట్టు మీద నిలబడి మాట్లాడితే ఒకరి మాట ఒకరికి వినబడదు.

అందరూ బాగుపడ్డారని మీకు చెప్పలేను. ఆరు వారాల తర్వాత అదే కాగితం మళ్లీ ఇచ్చాం. చాలామంది ముందుకొచ్చారు. భిన్నాల దగ్గర కొందరు అక్కడే ఉన్నారు. ఇద్దరు రావడమే మానేశారు, ఒకరి కుటుంబం పని కోసం చెన్నై వెళ్లింది. రెండోవాడి ఇంటికి రెండుసార్లు వెళ్లాను, పడవ మీద పోయాడన్నారు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో అని చెప్పింది. ఆ నాలుగో వంతులో ఎంతమందికి నాలాంటి మాస్టరు తలకెక్కడం లేదని చెప్పాడో!

ఇక అడగాల్సింది. ఈ ఏడు కొత్త బాక్సులు వద్దు. కిందటేటివి చాలావరకు బాగానే ఉన్నాయి, కంపాస్ ముల్లు విరిగినవి కొన్ని మారిస్తే చాలు. నాకు మనుషులు కావాలి. ఉర్దూ, తెలుగు రెండూ చదవగలిగి, డిగ్రీలో లెక్కలు చదివిన ఇద్దరు ఆడపిల్లలకు పది నెలలు నెలవారీ భత్యం ఇవ్వండి. ఆడపిల్లలే ఎందుకంటే, వాళ్లుంటేనే కొన్ని ఇళ్లవాళ్లు తమ బిడ్డలను సాయంత్రం పంపుతారు. ఇంకా కాగితాలకు, జిరాక్సుకు కొంచెం. ఫొటోకు ఇది అందంగా ఉండదు, ఒక పిల్ల ఇంకో పిల్ల పక్కన కూర్చుని తీసివేత చేయించడం తప్ప చూపడానికి ఏమీ ఉండదు.

బడులు జూన్‌లో తెరుస్తారు. తెరిచిన మరుసటి వారమే, అసర్ నమాజు తర్వాత, ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఆ పన్నెండు లెక్కల కాగితం ఇస్తాం. దాతల్లో ఎవరైనా వచ్చి ఒక బిడ్డ పక్కన పది నిమిషాలు కూర్చోవచ్చు. కళ్లజోడు తెచ్చుకోండి, పిల్లల అంకెలు చిన్నగా ఉంటాయి. వస్సలాం.