టోచన్ గొలుసు, రెండు వేళ్లు: మా తాత లారీ రోజులు

ఈ ఎపిసోడ్ మొదలైంది నా బండితోని. పోయిన నెల ఆబిడ్స్‌లో ఐదు నిమిషాల పని కదా అని నో పార్కింగ్‌లో బైక్ పెట్టి పోయిన. వచ్చి చూస్తే బండి లేదు, క్రేన్ ఎత్తుకపోయింది. తప్పు నాదే, కానీ ఇంటికొచ్చి ఒకటే గులుగుడు. మా తాత విని ఒక్క మాటన్నడు: "నీ బండిని భద్రంగ ఎత్తుకపోయిండ్రు. నీ వేళ్లు పదీ ఉన్నయి కదరా బిడ్డా."

వేళ్ల మాట ఎందుకొచ్చిందో అప్పుడు నాకు సమజ్ కాలేదు.

మా తాత లారీ డ్రైవర్. 1960లలో క్లీనర్‌గా ఎక్కిండు. అప్పట్లో టాటా లారీల మీద బెంజ్ గుర్తు ఉండేది. టాటా వాళ్లు జర్మనీ కంపెనీతో కలిసి 1954 నుంచి లారీలు చేసిండ్రు, ఆ ఒప్పందం 1969లో అయిపోయింది. గుర్తు పోయినా తాత మాత్రం ఇప్పటికీ "బెంజి లారీ" అనే అంటడు. తర్వాత నడిపింది 1210. ఆ నంబర్‌లో లెక్కుంది: 12 అంటే లోడుతో కలిపి సుమారు 12 టన్నులు, 10 అంటే సుమారు 100 హార్స్‌పవర్. ఇప్పుడు కొన్ని కార్లకే అంతకన్నా ఎక్కువ పవర్ ఉంటది!

కంపెనీ నుంచి ఛాసిస్, ఇంజన్, ముందు బానెట్ వచ్చేవి. క్యాబిన్ మన దగ్గర వడ్రంగులే చెక్కతో కట్టేవాళ్లు. పవర్ స్టీరింగ్ లేదు. ఎండాకాలం ఇంజన్ పక్కన కూచుంటే పొయ్యి పక్కన కూచున్నట్టే. లారీ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అన్న రూల్ వచ్చింది 2025 అక్టోబర్ 1 తర్వాత తయారైన బండ్లకు. తాతకు చెప్తే నవ్విండు: "మాకు ఏసీ అంటే అద్దం దించుడే."

ఇగ అసలు సంగతి. 1978. గుంటూరు నుంచి మిర్చి బస్తాలు వేసుకొని ఉస్మాన్‌గంజ్ వస్తున్నరు. తాత, ఒక క్లీనర్ పిల్లగాడు. నకిరేకల్ దాటినంక ఇంజన్ పట్టేసింది. ఫోన్ లేదు. హైదరాబాద్ పోయే లారీని ఆపి, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు చీటీ రాసిచ్చిండు. లారీ చుట్టూ రాళ్లు పెట్టి, చెట్టు కొమ్మలు కట్టి రెండు రాత్రులు అక్కడే. పొద్దున టీ, మాపటికి రొట్టె.

మూడో రోజు చీకటి పడ్డంక తెలిసిన డ్రైవర్ ఒకాయన ఆగిండు. "టోచన్ చేస్కపోదాం పా" అన్నడు. టోచన్ అంటే టో చైన్, గొలుసు కట్టి లాగుడు. వినడానికి ఈజీగా ఉంటది, కానీ ఇంజినీరింగ్ చదివిన నాకు కూడా తాత చెప్పేదాక తెల్వని విషయం ఒకటుంది. ఇంజన్ ఆగిపోతే బ్రేకుకు సాయం అందదు. పెడల్ రాయి లెక్క అయితది. గొలుసు ముందుకు లాగుతది గానీ వెనక బండిని ఆపలేదు. దిగుడు వస్తే వెనక లారీ పోయి ముందు లారీని గుద్దుతది. అందుకే తెలివైనోళ్లు ఇనుప రాడ్ వాడేది. రాడ్ లాగుతది, ఆపుతది కూడా.

ఆ రాత్రి రాడ్ లేదు. తాత స్టీరింగ్ మీద ఉన్నడు, పిల్లగాడు కిందికి దిగి గొలుసు హుక్కుకు తగిలిస్తున్నడు. గొలుసు ఇంకా వదులుగనే ఉంది. ముందు డ్రైవర్‌కు చీకట్ల ఏం కనిపించలే. తాత "రైట్" అని అరిచిండు. పిల్లగాడు చెయ్యి తీసిండు అనుకున్నడు. తియ్యలే. గొలుసు బిగుసుకుంది.

రెండు వేళ్లు పోయినయి.

ఆ పిల్లగాడు ఎవరో నాకు తెలుసు. నాంపల్లి నుమాయిష్‌కు నన్ను చిన్నప్పటి నుంచి తీసుకపోయేటోడు మా తాత. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్, జనవరి 1న షురూ అయితది కదా. ఏటా ఆ టైంల నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్‌లో ఒకాయన మమ్మల్ని కలిసేటోడు. నేను ఛాయ్ తాత అనేటోన్ని. వేళ్లేమైనయ్ అని చిన్నప్పుడు అడిగితే "మిషన్ల పడ్డయి" అని నవ్వేటోడు. మా తాత సాసర్‌లోకి చూస్తూ కూచునేటోడు. బిల్లు ఎప్పుడూ మా తాతే కట్టేది. ఎందుకో నాకిప్పుడు అర్థమైంది.

"రైట్ అన్నది నేనే" అన్నడు తాత. నలభై ఏండ్లకు పైనైంది, ఒక్క మాట బరువు ఇంకా దిగలే.

పోయిన ఆదివారం ఛాయ్ తాతను నేనొక్కన్నే పోయి అడిగిన. ఆయన ఏమన్నడో తెలుసా? "మీ తాత నన్ను లారీలేసుకొని ఉరికించిండు, దవాఖానల మూడు రాత్రులు నా మంచం కింద పండుకుండు. గది చెప్పిండా నీకు?" చెప్పలే. ఇద్దరూ ఎవరి తప్పు వాళ్లే మోస్తున్నరు. చెయ్యి తీయనిది నేనే కదా అంటడు ఈయన.

ఫ్రెండ్స్, 2017 దాకా నడిచిన 1989 రూల్స్‌లో టోయింగ్ గురించి స్పష్టంగా రాసిండ్రు: రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటొద్దు, స్పీడ్ గంటకు 24 కిలోమీటర్లు దాటొద్దు, వెనక బండి స్టీరింగ్ దగ్గర లైసెన్స్ ఉన్నోడు ఉండాలె, గొలుసు అందరికీ కనపడాలె. చదివేటప్పుడు నంబర్లే. కానీ దాని వెనక ఎన్ని వేళ్లున్నయో అనిపించింది.

మీరెప్పుడైనా బండి లాగాల్సి వస్తే మూడు గుర్తుపెట్టుకోండి. గొలుసు, తాడు బిగిసేటప్పుడు మధ్యలో ఎవరూ ఉండొద్దు. సైగ ఇచ్చేది ఒక్కరే, అదీ కట్టినోడే, బయటికొచ్చి నిలబడ్డంకనే. బండి తీసినంక రోడ్డు మీద పెట్టిన రాళ్లు తీసెయ్యండి, రాత్రి బైక్ మీద వచ్చేటోడికి అవి కనపడవు.

మీ ఇంట్ల కూడా ఒక డ్రైవరో, క్లీనరో, మెకానిక్కో ఉండే ఉంటరు. ఈ రోజు ఫోన్ పక్కన పెట్టి ఒక్కసారి అడగండి. విన్నది కింద రాయండి, నేను చదువుత. ఈసారి నుమాయిష్‌కు ఇద్దరు తాతలనూ నేనే తీసుకపోతున్న. బిల్లు నాది.

ఉంటా మరి. బండి మాత్రం పార్కింగ్‌లోనే పెట్టండి!