బడికి పోతే చాలా? చదువు రావాలి!



మీ పిల్లలు రోజూ బడికి వెళుతున్నారు. పొద్దున్నే సంచి తగిలించుకుని పోతున్నారు. సాయంత్రం తిరిగి వస్తున్నారు. మరి వాళ్లకు చదువు వస్తున్నదా? బడికి పోవటం వేరు. చదువు రావటం వేరు. ఈ తేడా తల్లికి తెలియాలి.

కపిలేశ్వరపురం గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. 1973లో అక్కడ ఒక బడి పెట్టారు. పెట్టినవారు ఆ ఊరి జమీందారు ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు గారు. బడి పేరు శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల. హరికథ ఒకప్పుడు ఎక్కువగా మగవాళ్లే చెప్పేవాళ్లు. ఈ బడిలో ఆడపిల్లలకు నేర్పారు.

హరికథ తేలికైన విద్య కాదు. పాట పాడాలి. కథ చెప్పాలి. కాలికి గజ్జె కట్టి ఆడాలి. చేత్తో చిడతలు వాయించాలి. ఊరి జనం ముందు ఒక్కతే నిలబడాలి. రాకపోతే అక్కడే తెలిసిపోతుంది.

ఇలాంటి విద్యను గురువు ఎలా నేర్పుతాడు? ముందు ఒక ముక్క తాను పాడి వినిపిస్తాడు. పిల్ల తిరిగి పాడుతుంది. తప్పితే అక్కడే ఆపుతాడు. మళ్లీ పాడిస్తాడు. అది వచ్చాకే తరువాతి ముక్క. అందరూ కలిసి పాడితే ఎవరికి వచ్చిందో తెలియదు. అందుకే ఒక్కొక్కరి చేతా పాడిస్తాడు.

డి. ఉమామహేశ్వరి ఆ బడిలో నేర్చుకున్నారు. తరువాత సంస్కృతంలో కూడా హరికథలు చెప్పి పేరు తెచ్చుకున్నారు. 2024లో ఆమెకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

లెక్కలకైనా, తెలుగుకైనా దారి ఇదే. మంచి పంతులు పాఠం చెప్పి ఊరుకోడు. నిన్నటి పాఠం ఒకసారి అడిగి, కొత్త పాఠం మొదలుపెడతాడు. ముందు వరసలో పిల్లలనే కాదు, వెనక మూల కూర్చున్న పిల్లను కూడా లేపి అడుగుతాడు. తప్పు చెబితే నవ్వడు, నవ్వనివ్వడు. ఎక్కడ తప్పిందో పలక మీద చూపిస్తాడు. పిల్ల చేత మళ్లీ చేయిస్తాడు.

వెనక మూల కూర్చున్న పిల్లను ఎవరూ అడగకపోతే ఏమవుతుంది? ఈ ఏడు కూడికలు రావు. పై ఏడు తీసివేతలు రావు. ఆ పైన బడి అంటేనే భయం. ఒకరోజు మానేస్తుంది. మరునాడు కూలికో, చంటిపిల్లను ఎత్తుకోవటానికో ఇంట్లో నిలిచిపోతుంది. "దానికి చదువు అబ్బలేదు" అంటారు. అబ్బకపోవటం కాదు, అడిగే వాళ్లు లేకపోయారు.

ఇలా కాకుండా చూడవలసినది ఎవరు? ముందుగా హెడ్మాస్టరు.

హరికథ అనగానే ఆదిభట్ల నారాయణదాసు గారి పేరు చెబుతారు. 1919లో విజయనగరం మహారాజా వారి సంగీత పాఠశాలకు ఆయనే మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు అప్పటికి ఇరవై ఆరేళ్ల యువకుడు. కంటిచూపు బాగా తక్కువ. అయినా ఆయన విద్య చూసి, ఆ బడిలో వయొలిన్ నేర్పే గురువుగా పెట్టుకున్నారు. 1936లో నాయుడుగారే ఆ బడికి ప్రిన్సిపాలు అయ్యారు. బడికి పెద్ద అయినవాడు ఎవరిలో ఏ పని ఉందో కనిపెట్టాలి. ఆ పని వాళ్లకు అప్పజెప్పాలి.

మంచి హెడ్మాస్టరు గంట కొట్టక ముందే వస్తాడు. రోజుకు ఒక తరగతిలో వెనక కూర్చుని పాఠం వింటాడు. పంతులుకు చెప్పవలసినది పిల్లల ముందు కాక, విడిగా చెబుతాడు. మూడు రోజులు రాని పిల్ల ఇంటికి కబురు పంపుతాడు.

మరి తల్లుల పని ఏమిటి? విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ బడికి ఒక కమిటీ ఉండాలి. అందులో నలుగురికి ముగ్గురు పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో కావాలి. మొత్తం మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అది మీ చోటు. "మాకేం తెలుసు" అని వదులుకోకండి.

ఈ సాయంత్రమే ఒక పని చేయండి. పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. పుస్తకంలో నాలుగు వరసలు చదివించండి. మీకూ అక్షరాలు వచ్చు, వేలు పెట్టి చూడండి. తరువాత పుస్తకం మూసి, "ఇప్పుడు నీ మాటల్లో చెప్పమ్మా" అనండి. చెప్పగలిగితే చదువు వచ్చినట్టే. చెప్పలేకపోతే కొట్టవద్దు, తిట్టవద్దు.

రేపు బడికి వెళ్లండి. "మాస్టారూ, మా పిల్ల చదువుతోంది గానీ అర్థం చెప్పలేకపోతోందండీ. ఎక్కడ ఆగిపోయిందో కాస్త చూడండి" అని అడగండి. తగవు పెట్టుకోనక్కరలేదు. నెమ్మదిగా అడగండి. వారం తరువాత మళ్లీ వెళ్లి అడగండి.

తల్లి అడుగుతుందని తెలిస్తే వెనక మూల కూర్చున్న పిల్ల కూడా పంతులు కళ్లకు కనిపిస్తుంది.