సువార్త వినక మరణించినవారి విషయమై



ఈ శుక్రవారపు ఉపవాస కూడికలో మన ధ్యానమునకు ఆధారమైన వాక్యభాగము అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము 30, 31 వచనములు. ఏథెన్సులోని అరేయొపగులో పౌలు చేసిన ప్రసంగము ఈ వచనములతో ముగియుచున్నది. లోకమునకు తీర్పు జరుగు దినమొకటి నిర్ణయమైనదనియు, తీర్చువాడు మృతులలోనుండి లేచిన క్రీస్తే యనియు, ఆయన లేచుటయే ఆ తీర్పునకు రుజువనియు పౌలు ఆ పండితులయెదుట సాక్ష్యమిచ్చెను. మృతుల పునరుత్థానమను మాట చెవిని పడగానే కొందరు అపహాస్యము చేసిరి. కొందరు మరల వినెదమనిరి. కొందరు నమ్మిరి.

పునరుత్థానము, రక్షణ, తీర్పు అను ఈ మూడును ఒకదానితోనొకటి పెనవేసికొని యున్నవి. 1 కొరింథీయులకు వ్రాసిన పత్రిక 15వ అధ్యాయములో పౌలు క్రీస్తును ప్రథమఫలమని పిలిచెను. ఇశ్రాయేలీయులు కోతకాలమున మొదటి పనను యాజకునియొద్దకు తెచ్చెడివారు. ఆ ఒక్క పన రాబోవు పంటయంతటికిని గురుతు. ఆలాగే క్రీస్తు లేచెను గనుక మనమును లేచుదుము. అయితే యోహాను సువార్త 5వ అధ్యాయము ప్రకారము సమాధులలోనున్నవారందరును ఆయన స్వరము విని బయటికి వచ్చెదరు. కొందరు జీవమునకును, కొందరు తీర్పునకును. నమ్మనివారును లేచెదరు. కావున పునరుత్థానము ఆదరణవాక్యము మాత్రమే కాదు, హెచ్చరికయు నైయున్నది.

ఇక్కడనే మన హృదయములను కలచివేయు ప్రశ్న యొకటి పుట్టుచున్నది. సువార్తను త్రోసివేసినవారి మాట అటుంచి, దానిని ఎన్నడును విననివారి గతి యేమి? మన అవ్వ, మన తాత, వారి తల్లిదండ్రులు ఏమైరి?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ జపాను దేశమునకు వెళ్లి రెండేండ్లకు పైగా సువార్త బోధించెను. 1552 జనవరిలో కొచ్చినునుండి వ్రాసిన ఉత్తరములో అక్కడి క్రొత్త విశ్వాసుల దుఃఖమును ఆయన తెలిపెను. నరకములోనున్నవారికి విడుదల లేదని వినినప్పుడు వారు చనిపోయిన తలిదండ్రులను, భార్యాబిడ్డలను తలంచుకొని కన్నీరు కార్చిరట. ప్రియమైన ఆ స్నేహితులు విలపించుట చూచి తానును దుఃఖించితినని ఆయన వ్రాసెను.

మన తెలుగు దేశమునను ఈ ప్రశ్న లేకపోలేదు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. ఆ నీటిలో దిగినవారి పితరులలో అనేకులు క్రీస్తు నామమును వినకయే గతించిరి. నేడును కుటుంబములో తానొక్కతెయే విశ్వాసియై, తండ్రి చితియొద్ద మౌనముగా నిలిచిన కుమార్తె హృదయములో ఈ ప్రశ్నయే యున్నది.

సంఘచరిత్రలో దీనికి ఏకాభిప్రాయము లేదు. తుదకు సమస్తమును దేవునియొద్దకు తిరిగి చేరునని మూడవ శతాబ్దమున ఓరిగెను నిరీక్షించెను. అగస్టీను తన ‘దేవుని పట్టణము’ అను గ్రంథములో శిక్ష నిత్యమైనదని వాదించెను. దుష్టులు నిత్యము బాధింపబడక తుదకు నశించిపోవుదురని కొన్ని సంఘములు బోధించుచున్నవి. తమ దోషములేకయే సువార్త నెరుగని వారు, దేవుని యథార్థముగా వెదకి మనస్సాక్షి ననుసరించి నడచినయెడల, రక్షణ పొందగలరని 1964లో రెండవ వాటికను మహాసభ ప్రకటించెను. సువార్త వినుట అవశ్యమని పలువురు ప్రొటెస్టెంటు బోధకులు నిలిచియున్నారు.

లేఖనము మనకు నిశ్చయముగా తెలుపునదేమి? రోమా పత్రిక 2వ అధ్యాయములో ధర్మశాస్త్రము లేనివారికి వారి మనస్సాక్షియే సాక్షియని పౌలు చెప్పుచున్నాడు. లూకా 12వ అధ్యాయములో యజమానుని చిత్తమెరిగియు చేయని దాసునికి దెబ్బలు అనేకము, ఎరుగనివానికి కొన్నియే. మత్తయి 11వ అధ్యాయములో ప్రభువు తన అద్భుతములను చూచిన పట్టణములకంటె తూరు సీదోనులకు తీర్పు దినము ఓర్వతగినదగునని హెచ్చరించెను. ఆదికాండము 18వ అధ్యాయములో, సర్వలోకమునకు న్యాయాధిపతియైనవాడు అన్యాయము చేయడను నమ్మకముతోనే అబ్రాహాము సొదొమకొరకు వేడుకొనెను. వీటన్నిటిలో ఒక్క సంగతి స్పష్టము: ప్రతి మనుష్యుడు తాను పొందిన వెలుగును బట్టియే లెక్క చెప్పవలెను. మన పితరులు పొందిన వెలుగెంతయో, దానికి వారెట్లు లోబడిరో మనకు తెలియదు. క్రీస్తుకు తెలియును. ఆయన రక్తమువలననే గాని ఎవరికిని రక్షణ లేదు. అయితే ఆ రక్తము ఎంతవరకు చేరునో కొలుచు కొలకఱ్ఱ మన చేతికియ్యబడలేదు.

కావున ప్రియులారా, మరణము సంభవించిన యింటికి వెళ్లినప్పుడు మనము న్యాయపీఠముమీద కూర్చుండరాదు. చనిపోయినవాడు నరకమునకు పోయెనని పలుకు అధికారము మనకు లేదు. పరలోకమునకు చేరెనని మాట యిచ్చు అధికారమును లేదు. ఏడ్చువారితో ఏడ్చుట మన పని. ఆ గృహమువారికి అన్నము వండిపెట్టుట మన పని. వారు అడిగిన దినమున మన నిరీక్షణకు హేతువును సాత్వికముతో చెప్పుట మన పని. తీర్చువాడు మేకుల గాయములు కలిగినవాడని, పాపులకొరకు ప్రాణము పెట్టినవాడని చెప్పుదము.

అట్లని నిర్లక్ష్యముగా నుండవద్దు. విననివారి విషయము దేవునికి విడువవలెను. వినిన మన విషయమైతే సందేహము లేదు. ఆదివారమువెంబడి ఆదివారము వాక్యము వినియు పొరుగువాని ఆకలి చూడక, పగ విడువక, మారుమనస్సు పొందక యున్నయెడల, ఆ అధిక వెలుగే ఆ దినమున మనమీద సాక్ష్యము పలుకును. మత్తయి 25వ అధ్యాయములో ఎడమవైపున నిలిచినవారును ఆయనను ప్రభువా అనియే పిలిచిరి.

విననివారు మనచుట్టు ఇంకను బ్రదికియున్నారు. గతించినవారికొరకు మనము కార్చు కన్నీరు నిజమైనదైతే, అది మనలను సజీవులయొద్దకు నడిపించును గాక. మృతులలోనుండి లేచిన ప్రభువు మనకు భయమును, నిరీక్షణను, ప్రేమను సమానముగా దయచేయును గాక. ఆమేన్.