నీటిలో నిలిచిన కొయ్య
(ఉప్పుగూడలోని యొక పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



మన ప్రాచీనుల గొప్పతనమును చెప్పవలసి వచ్చినపుడెల్ల మనము రాళ్లను చూపుదుము. అమరావతి స్తూపము చుట్టును నిలిపిన రాతికంచెను ఒక్కసారి వడ్రంగి కంటితో చూడుడు. నిలువు కంబమునకు తొలి వేయుట, అందులో అడ్డుపట్టెను దూర్చి బిగించుట రాతిపనివాని పద్ధతి కాదు, కొయ్యపనివానిది. గుంటుపల్లి గుహాలయమున పైకప్పునకు వాసములను రాతిలోనే చెక్కిరి. కొండను తొలిచిన గుహకు వాసములతో నేమి పని? తరతరములు కొయ్యతో కట్టిన చేయి ఆ యలవాటును రాతిలోను విడువలేదు. అనగా మనచేత నున్నది నకలు; అసలు పత్రము పోయినది. నకలు చూచి తీర్పు చెప్పుమన్న ఏ న్యాయవాదియైనను ఊరకుండునా?

అసలు కొంత మిగిలియున్నది. అది బురదలో నున్నది.

శాతవాహనుల ధాన్యకటకమే నేటి ధరణికోట. అచ్చట 1962 మొదలు 1965 వఱకు భారత పురావస్తుశాఖవారు త్రవ్వగా, కృష్ణానదితో కలుపుచు పడవలు వచ్చుటకు త్రవ్విన కాలువయు, దాని యొడ్డున సరకు దించు రేవుకట్టయు బయల్పడినవి. ఆ రేవు తొలుత ఇటుకతో కట్టినది కాదు. కొయ్యకంబములు పాతి కట్టినది. ఇటుక తరువాత వచ్చినది. ఆ కొయ్యను కర్బన పరీక్షకు పంపగా క్రీస్తుపూర్వపు శతాబ్దులనాటిదని తేలినది. స్తూపమునకు దానమిచ్చిన వర్తకుల పేర్లు శాసనములలో చదువుచున్నాము. వారివంటివారి సరకు దిగిన రేవును చూపినది మాత్రము ఆ కంబములే.

పాటలీపుత్రము కథయు నిట్టిదే. ఆ నగరమునకు కొయ్యకోట యుండెననియు, దానికి 64 ద్వారములు, 570 బురుజులు గలవనియు మెగస్తనీసు వ్రాసెను. 1912–13లో రతన్ టాటా ఇచ్చిన ద్రవ్యముతో స్పూనర్ కుమ్రాహార్‌లో త్రవ్వకము ప్రారంభించి, సాలకొయ్యతో పేర్చిన ఏడు వేదికలను వెలికితీసెను. 1926–27లో బులందీబాగ్‌న వందలాది యడుగుల పొడవున రెండు వరుసల కొయ్యగోడయే కనబడినది. రెండువేల యేండ్లకు పైబడి ఆ దుంగలు తడినేలలో నిలిచియున్నవి.

ఇది యెట్లు సాధ్యము? కొయ్యను తినునది బూజు, చెదపురుగు. వానికి గాలి కావలెను. నీటితో నిండిన బురదలో గాలి చొరదు. కొన్ని సూక్ష్మజీవులు మాత్రము కొయ్యలోని మెత్తని భాగమును మెల్లమెల్లగా తినును. కణముల గోడలలో లిగ్నిన్ అను గట్టి పదార్థము మిగిలి, తిన్నచోట నీరు నిండును. పైకి చూచుటకు దూలమే, లోపల నీరే. ఇట్టిదానిని పైకి తీసి ఎండలో పెట్టినచో, ఆవిరియై పోవు నీరు పలుచని ఆ గోడలను లోనికి లాగును. కొయ్య ముడుచుకొని, పగిలి, ఆకారము కోల్పోవును. భూమి వేల యేండ్లు కాచినది కొలదినములలో నాశనమగును. కావున త్రవ్వువానికి పార ఎంత ముఖ్యమో తడిగుడ్డయు నంతే ముఖ్యము.

పాశ్చాత్యులును దీనిని సులభముగా నేర్వలేదు. నార్వేలో 1904లో త్రవ్విన ఓసెబెర్గ్ వస్తువులలో పెక్కింటిని పటికనీటిలో కాచిరి. అవి అప్పటికి గట్టిపడినవి. కాని కాలక్రమమున లోపల ఆమ్లము పుట్టి నేడు పొడియగుచున్నవి. 1628లో మునిగిన వాసా యను స్వీడను నౌకను 1961లో లేవదీసి, పాలీఎథిలీన్ గ్లైకాల్ అను మైనమువంటి పదార్థమును నీటిలో కలిపి 17 సంవత్సరములు చల్లిరి. పదునేడేండ్లు! మన కచేరీలలో ఒక దరఖాస్తు అంతకాలము కదలకుండుట ఎఱుగుదుము గాని, ఒక పని అంతకాలము ఆగక సాగుట అరుదు.

ఇక మన సంగతి. 2015లో మిషన్ కాకతీయ పేర తెలంగాణమున 46,000కు పైగా చెరువులను బాగుచేయ సంకల్పించిరి. ఒండ్రును యంత్రములతో ఎత్తి పొలములకు తోలిరి. మంచిపని; రైతుకు మేలు. కాని కాకతీయులనాటి చెరువు అడుగున తూమునకు బిగించిన కొయ్యబిరడాయో, పడవముక్కయో ఉండవచ్చునని ఆ యొండ్రును పరికించినవా రెందఱు? మన పెద్దలు నేరేడు, ఉసిరిక మొద్దులను బావులలో వేయుచుండిరి. పాతబస్తీలో చెత్తతో పూడిన బావులెన్నో మీకే తెలియును. 2022లో బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసినట్లు రేపు మన పేటలోను ఒకదానిని శుభ్రపరపవచ్చును. ఆనాడు అడుగున నల్లని దుంగ కనబడిన, పొయ్యిలోనికి పోవునా, పురావస్తుశాఖకు పోవునా?

చట్టము లేదనుట కుదరదు. 1972 నాటి చట్టము నూరేండ్లు దాటిన చేతిపని వస్తువును పురావస్తువుగా గణించుచున్నది. రాయి, లోహము మాత్రమే అని చెప్పలేదు. 1878 నాటి నిక్షేప చట్టము నేలలో దొరికినదాని విలువ పదిరూపాయలు మించిన కలెక్టరునకు తెలుపుమనుచున్నది. కుళ్లిన దుంగ పదిరూపాయలు చేయునా యని వాదించువారుందురు. ఆ వాదము నాకు వదలుడు.

పని ఆపుమని నేను కోరుట లేదు. నీరు కావలసినవారికి నీరే ముందు. ఒకపూట యంత్రమును ప్రక్కకు జరపి, దుంగను ఉన్నచోటనే ఛాయాచిత్రము తీసి, ఎంత లోతున నున్నదో వ్రాసికొని, ఆ బురదతోనే తడిగోనెలో చుట్టి, నీడను నీటితొట్టిలో నుంచుడు. కడుగవలదు, తోమవలదు. నాటి సాయంకాలమే కలెక్టరు కచేరీకిని, పురావస్తుశాఖకును జాబు వ్రాయుడు. జాబు నమూనా వ్రాసి తెచ్చితిని. కావలసినవారు సభ ముగిసిన పిదప గ్రంథాలయ కార్యదర్శిగారి బల్లవద్ద తీసికొనవచ్చును.