సార్వభౌమత్వం ఎవరిది?

(చిక్కబళ్ళాపూరు, బాగేపల్లి, చింతామణి మిల్లు కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇది నా మిల్లు, బయటివాళ్ళకు ఇక్కడేం పని?" లేబర్ ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరికొస్తే యజమాని అనే మాట ఇది. సంస్థానాల రాజులూ ఇదే మాట అన్నారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పెద్ద పేరు సార్వభౌమత్వం.

మన పక్కనున్న విదురాశ్వత్థం సంగతే చూడండి. 1938 ఏప్రిల్ 25న జాతీయ జెండా ఎగరేయడానికి చేరిన జనంపై మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపారు. రక్తం చిందాక గానీ సర్కారు దిగివచ్చి తన జెండా పక్కన ఆ జెండాను ఒప్పుకోలేదు.

1948లో హైదరాబాదు నిజాం కూడా తన రాజ్యంలో భారతదేశం జోక్యం చేసుకుంటోందని భద్రతా మండలికి ఫిర్యాదు చేశాడు. ఒకపక్క రజాకార్లు ఊళ్ళు తగలబెడుతుంటే, మరోపక్క దేశ్‌ముఖులు వెట్టి చేయిస్తుంటే, ఆ రాజ్యం ఎవరిది? జనానిదా, నిజాందా? సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. వెళ్ళింది సైన్యం, పేరు మాత్రం "పోలీసు చర్య". రజాకార్ల పీడ వదిలినందుకు జనం సంతోషించారు. ఆ సంతోషం న్యాయమైనదే.

అయితే కథ అక్కడితో ముగియలేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, చర్య జరిగినప్పుడూ ఆ తర్వాతా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. వాళ్ళలో అత్యధికులు ముస్లింలు. కొన్నిచోట్ల సైనికులూ లూటీల్లో పాల్గొన్నారని రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు. అదే సైన్యం, భూమి పంచుకున్న తెలంగాణ రైతుకూలీల మీదికి మళ్ళింది. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా దాడులు ఆగలేదు. గూండాలను తరమడానికి వచ్చిన పోలీసులు గేటు దగ్గరే క్యాంపు వేసి, సమ్మె చేసేవాళ్ళనే కొట్టినట్టయింది.

అలాగని దేశాల సరిహద్దులను ఎవరైనా దాటవచ్చని మనం అనడం లేదు. 2003లో అమెరికా, బ్రిటన్‌లు భద్రతా మండలి అనుమతి లేకుండా ఇరాక్ మీద పడ్డాయి. ఉన్నాయని చెప్పిన మారణాయుధాలు దొరకలేదు. బలహీన దేశానికి సార్వభౌమత్వం ఇంటికి తలుపులాంటిది.

కాబట్టి ఏ సైన్యం కదిలినా మనం మూడు ప్రశ్నలు వేయాలి. జనం పిలిచారా? పని కాగానే వెనక్కి పోతుందా? చేసిన తప్పులకు జవాబు చెబుతుందా? ఈ ప్రశ్నలు పరాయి సైన్యానికే కాదు, మన సైన్యానికీ వేయాలి. సార్వభౌమత్వం సింహాసనానిది కాదు, తుపాకీదీ కాదు. అది ప్రజలది!