ఇంటివద్దనే పూలమొక్కలు తయారుచేసికొందము



మన రామసముద్రము కర్ణాటక సరిహద్దున నున్న మెట్టసీమ. బావులు, బోర్లు ఎండినప్పుడు త్రాగునీటికే కటకట. ఇక పెరటి పూలమొక్కల సంగతి చెప్పనక్కరలేదు. అట్టి యొక వేసవిలో మా పెరటి మల్లెపొద ఎండిపోయినది. ఏండ్ల తరబడి ఇల్లంతటికి పూలిచ్చిన పొద అది. దాని కొమ్మనుండి ముందుగానే ఒక పిల్లమొక్కను తీసి పొరుగింటివారి కిచ్చియున్నచో, వానలు రాగానే తిరిగి తెచ్చుకొనియుందుము. ఆ పొరపాటు మీకు కలుగరాదని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

బంతి, నాటు కనకాంబరము గింజతో మొలచును. కాని ఢిల్లీ కనకాంబరమను రకము గింజ కట్టదు. దానికి కొమ్మ నాటుటయే మార్గము.

కోసిన కొమ్మకు వేళ్లు లేవు; ఆకులు మాత్రము తేమను ఆవిరిగా విడుచుచునే యుండును. కావున దానికి కావలసినది అధికమైన నీరు కాదు, నీడ. వానకాలమున తెగులు లేని మొక్కనుండి, మరీ లేతది, మరీ ముదురుది కాని కొమ్మను బెత్తెడు పొడవున, కణుపునకు దిగువగా, పదునైన కత్తితో కోయవలెను. క్రింది ఆకులు తీసి, పైన రెండు మూడు మాత్రమే ఉంచవలెను. అడుగున చిల్లులు గల కుండలోనో, పాత డబ్బాలోనో ఇసుక, ఎర్రమట్టి, బాగుగ మాగిన పశువుల ఎరువు కలిపి నింపి, రెండు కణుపులు మునుగునట్లు నాటవలెను. పందిరి నీడన ఉంచి, మట్టి ఆరిపోకుండ నీరు చిలుకరించిన చాలును. నీరు నిలిచినచో కొమ్మ కుళ్లును.

చిగురు కనబడగానే వేరు పట్టినదని తలచి పలువురు మొక్కను ఎండలోనికి మార్చుదురు. కొమ్మలో నిలువయున్న సత్తువతోనే మొదట చిగురు రావచ్చును. మేమును అట్లే తొందరపడి కొన్ని కొమ్మలను పోగొట్టుకొంటిమి. డబ్బా చిల్లులలో తెల్లని వేళ్లు కనబడువరకు ఓపిక పట్టవలెను.

మల్లెకు నేల అంటు మేలు. పొదనుండి వేరుచేయకుండగనే ఒక కొమ్మను వంచి, కణుపువద్ద కొంచెము గీరి, మట్టిలో పూడ్చి, పైన రాయి పెట్టవలెను. తల్లిమొక్కయే పోషించును గనుక ఎండిపోవునను భయము తక్కువ. మూడు నాలుగు నెలలకు వేళ్లు చూచుకొని కోసి వేరుగా నాటవచ్చును. చామంతిని పూలు అయిన పిమ్మట మొదలంట కోసినచో పిలకలు లేచును. వాటిని వేళ్లతో విడదీసి, జూన్, జూలై నెలలలో నాటినచో పగటికాలము తగ్గు దినములలో పూచును.

ఒక హెచ్చరిక. కనకాంబరపు వేళ్లపై ముడులు కనబడినచో నులిపురుగు పట్టినదని గ్రహించి, ఆ మొక్కను గాని, ఆ మట్టిని గాని ఎవ్వరికిని ఈయరాదు.

మంచి మొక్కలు సిద్ధమైనప్పుడు మాత్రము ఒకటి మీరుంచుకొని, ఒకటి పొరుగువారికి ఇయ్యుడు. మీ బావి ఎండిన యేట వారి బావిలో నీరుండవచ్చును. మీ మల్లె వారి పెరటిలో బ్రతికియుండును.